చాకు, మచ్చు, చట్టము: చిక్కబళ్లాపుర సీమలో ఆయుధ నియమముల చరిత్ర

నందిదుర్గ పర్వతపంక్తి ఉత్తరపినాకిని, చిత్రావతి, పాపఘ్ని అను మూడు నదులకు పుట్టినిల్లు. ఈ మూడును రాయలసీమకు దిగివచ్చి తెలుగు పొలములను తడుపుచున్నవి. నీరు దిగువకు వచ్చినట్లే తెలుగుభాష ఎగువకు సాగి ఆ కొండల పాదములవరకు నెలకొన్నది. బాగేపల్లి, చింతామణి తాలూకాలలోను, చిక్కబళ్లాపురపు చుట్టుపట్లను తెలుగు ఇంటిభాషగా గల కుటుంబములు మిక్కిలిగా కలవు. చింతామణి చెంతనున్న కైవారమునందు నారేయణ యతి తెలుగు కన్నడములు రెండింటను రచనలు సాగించి ఉభయభాషల వారికిని తాతయ్య యయ్యెను. కచేరీ భాష కన్నడము, కళ్లము భాష తెలుగు. ఈ రెండింటి నడుమ ఆ సీమ జీవితము సాగుచున్నది. చిరకాలము కోలారు జిల్లాలో భాగమై యుండిన ఈ తాలూకాలు 2007లో ఏర్పడిన చిక్కబళ్లాపుర జిల్లాలో చేరినవి.

ఈ సీమలో పనిపాటలు చేసికొనువాడు కత్తి లేనిదే ఇల్లు వెడలడు. పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోయవలెను, మేకలకు రొట్ట నరకవలెను, ద్రాక్షతోటలో గుత్తులు దింపవలెను, టెంకాయ కొట్టవలెను. కావున వాని మొలనో సంచిలోనో జేబులోనో మచ్చో కొడవలియో చాకో ఉండుట సహజము. అతడే మరునాడు సంతకు పోవును, బెంగుళూరు బస్సెక్కును, జాతరలో తిరుగును. అప్పుడా కత్తి మాటేమి? ఆరంగుళములు దాటరాదని కొందరును, తొమ్మిదంగుళముల వరకు అడ్డులేదని కొందరును, మడతకత్తి యైనచో చెంతనుంచుకొనుటయే నేరమని మరికొందరును చెప్పుదురు. వీనిలో ఏదియు పూర్ణసత్యము కాదు. చట్టము అంగుళములను లెక్కించుట నిజమే; కాని అంతకు ముందు ఆ వస్తువు ఏ పనికొరకు చేయబడినదో, ఏ చోట, ఏ సమయమున పట్టుబడినదో విచారించును. పనిముట్టునకును ఆయుధమునకును మధ్య నున్న ఈ గీత ఒక్కనాడు గీయబడినది కాదు. దాని చరిత్రయే ఈ సీమ చరిత్రలో ఒక భాగము.

పేర్లలోని సంగతి

మొదట పేర్లను పరిశీలింపవలెను. కత్తి అను మాట తెలుగు కన్నడములు రెండింటికిని సొంతము. మచ్చు అనగా ఇరుభాషల వారికిని బరువైన నరుకుడుకత్తియే. చురిక సంస్కృతమునుండి వచ్చి కన్నడమున చూరి యైనది. చాకు పారసీక తురుష్క భాషల మార్గమున వచ్చి దేశభాషలన్నింట స్థిరపడినది. బాకు మాత్రము వేరు జాతికి చెందినది. మచ్చు నరకుటకు, కొడవలి కోయుటకు, చాకు చెక్కుటకు ఏర్పడగా, బాకు పొడుచుటకే ఏర్పడినది. కమ్మరి కొలిమిలో ఇనుము ఒక్కటే. సుత్తిదెబ్బతో అది పొందిన రూపమే దాని వృత్తిని తెలుపుచున్నది. ఆధునిక చట్టము సుదీర్ఘ వాక్యములలో చేయు విభాగమును పల్లెవారు పేర్లు పెట్టుటలోనే చేసియున్నారు.

పాలెగాండ్ర కాలము

ఈ జిల్లా గ్రామముల పొలిమేరలలో వీరగల్లులు విస్తారముగా కనబడును. పసులమందలను కాపాడుచు మడిసిన వీరులు ఆ శిలలమీద విల్లో కత్తియో ధరించి నిలిచియుందురు. కోలారు జిల్లా శాసనములను లూయిస్ రైస్ పండితుడు 1905లో కర్ణాటక శాసన సంపుటములలో పదవదిగా ప్రకటించెను. అందలి వీరశాసనములను చదివినచో, ఆయుధధారణ అప్పట్లో ఒకరు దయచేసిన అనుమతి కాదనియు, ఊరిని కాచు బాధ్యతలో భాగమనియు బోధపడును.

పాలెగాండ్ర కాలమున ఈ బాధ్యత ఉద్యోగముగా మారినది. దేవనహళ్లి చెంతనున్న ఆవతి గ్రామమునుండి బయలుదేరిన నాడప్రభువుల కుటుంబము చిక్కబళ్లాపురమున కోట కట్టి పాలించెను. వేటకుక్కలను ఎదిరించి నిలిచిన కుందేలును చూచి, ఇది వీరభూమి యని తలచి, మరిగౌడ యను ప్రభువు అచ్చట పట్టణమును నిర్మించెనని ఐతిహ్యము. బాగేపల్లి ప్రాంతమున గుమ్మనాయకనిపాళెము మరియొక పాలెగాండ్ర పీఠము. ఈ ప్రభువుల బలమంతయు వారి క్రింద మాన్యములు అనుభవించుచు, పిలుపు వచ్చినపుడు ఈటెయో కత్తియో పట్టి వచ్చు గ్రామీణులే. దున్నువాడును పోరాడువాడును ఒక్కడే యైనపుడు పనిముట్టు వేరు, ఆయుధము వేరు అను ప్రశ్నకు తావులేదు.

1762 ప్రాంతమున హైదరాలీ చిక్కబళ్లాపురమును జయించెను. 1791 అక్టోబరు 19వ తేదీన కారన్‌వాలీసు సేనలు నందిదుర్గమును పట్టుకొన్నవి. 1799లో టిప్పుసుల్తాను మరణానంతరము మైసూరు రాజ్యము ఒడయరు వంశమునకు తిరిగి లభించెను. ఆ రాజ్యభారమును వహించిన దివాను పూర్ణయ్య కందాచారమను పేరుగల గ్రామభటుల వ్యవస్థను నిలిపి, వారిచే కావలి చేయించెను. ఆయుధము అప్పటికిని గ్రామమున నిలిచియే యున్నది. కాని అది పాలెగాని ఆజ్ఞనుండి ప్రభుత్వపు పట్టికలోనికి మారినది. సరిహద్దునకు ఆవల దత్తమండలములందును ఇట్టి మార్పే వేరొక రీతిని జరిగెను. 1800లో నిజాము ఆ మండలములను కుంపిణీకి ఇచ్చివేయగా, 1807 వరకు ప్రధాన కలెక్టరుగా నుండిన థామస్ మన్రో పాలెగాండ్ర సాయుధబలమును అణచి, శిస్తు వసూలును శాంతిరక్షణను సర్కారు చేతిలోనికి తెచ్చెను. కత్తి పట్టు అధికారము ఇక ప్రభుత్వమునకే చెందవలెనను సిద్ధాంతము ఇరువైపుల పాదుకొన్నది.

1878వ సంవత్సరపు చట్టము

1857 సంగ్రామము పిమ్మట ఆంగ్లప్రభుత్వమునకు ప్రజల చేతిలోని ఆయుధము భయహేతువయ్యెను. 1860లో ఆయుధముల తయారీ, దిగుమతి, విక్రయములను కట్టుదిట్టము చేయు శాసనమొకటి వచ్చెను. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున ఆయుధచట్టము వెలువడెను. ఈ చట్టమున ఆయుధములనగా తుపాకులు, ఫిరంగులు మాత్రమే కావు. ఖడ్గములు, బాకులు, ఈటెలు, ఈటెమొనలు, విల్లంబులు సైతము చేరినవి. లైసెన్సు లేక ఆయుధము ధరించి తిరుగుట నేరమయ్యెను. ఐరోపీయులకు మినహాయింపు నిచ్చి దేశీయులను అనుమానించిన ఈ చట్టము జాతికి అవమానకరమని నాయకులు భావించిరి. దానిని సవరింపవలెనని 1887 మద్రాసు కాంగ్రెసు సభయే కోరెను.

ఆ జాబితాలో చాకు పేరు లేదు. బాకు పేరు కలదు. చాకునకును బాకునకును మధ్య గీత ఎచ్చట నుండునో నిర్ణయించు పని మొదట ఠాణా అధికారికిని, పిమ్మట మేజిస్ట్రేటునకును సంక్రమించెను. నేటికిని సామాన్యుని బాధించు సంశయమునకు మూలమిచ్చటనే కలదు.

హిందూపురము, కదిరి, మదనపల్లె తాలూకాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివి. అచ్చట ఈ చట్టము నేరుగా వర్తించెను. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురములు మైసూరు సంస్థానములోనివి. 1831 మొదలు 1881 వరకు ఆంగ్ల కమిషనర్ల పాలనలో నున్న ఆ రాజ్యమును ఒడయరులకు మరల అప్పగించునపుడు వ్రాయబడిన పత్రములో ఆయుధ విషయమును మరువలేదు. గవర్నరు జనరలు అనుమతి లేనిదే మహారాజు ఆయుధములను, మందుగుండును దిగుమతి చేసికొనరాదనియు, కోరినపుడు వాని తయారీని నిషేధింపవలెననియు అందు విధించిరి. ఒకే భాష, ఒకే బంధుత్వము, ఒకే సంతగల ప్రజలు ఇట్లు రెండు ప్రభుత్వముల క్రింద నున్నను, ఉభయుల ఆయుధములమీదను కాపలా దృష్టి ఒక్కటియే.

విదురాశ్వత్థపు పాఠము

ఆయుధమును నియంత్రించు అధికారముతోపాటు జనసమూహమును నియంత్రించు అధికారమును ప్రభుత్వము చేతిలో పెరిగెను. దండవిధాన స్మృతిలోని 144వ విభాగము క్రింద మేజిస్ట్రేటు ఒక ప్రదేశమున కొంతకాలము సభలను, ఊరేగింపులను, కఱ్ఱలు కత్తులు పట్టి తిరుగుటను నిషేధింపవచ్చును. ఈ అధికారము శాంతికి అవసరమే. కాని మితము తప్పినపుడు అది ఎట్లు పరిణమించునో ఈ జిల్లాకు అనుభవపూర్వకముగా తెలియును.

1938 ఏప్రిలులో మైసూరు కాంగ్రెసువారు జాతీయపతాకమును ఎగురవేయు సత్యాగ్రహమును సాగించుచుండిరి. గౌరీబిదనూరు తాలూకాలో ఉత్తరపినాకినీ తీరమందలి విదురాశ్వత్థము అశ్వత్థవృక్షమునకును నాగప్రతిష్ఠలకును ప్రసిద్ధికెక్కిన క్షేత్రము. అచ్చట నిషేధాజ్ఞలు అమలులో నుండగా ఏప్రిలు 25వ తేదీన వేలకొలది జనులు సమావేశమైరి. పోలీసులు కాల్పులు జరిపిరి. మరణించినవారు పదిమంది యని ప్రభుత్వము ప్రకటింపగా, ముప్పది ఇద్దరని ప్రజలు నేటికిని స్మరించుచున్నారు. ఈ ఉదంతమును విచారించుటకు మైసూరు ప్రభుత్వము నియమించిన సంఘమునకు మద్రాసు హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తియు, ఆంధ్రుడునగు వేపా రామేశంగారు అధ్యక్షులు.

అచ్చట గుమిగూడినది కత్తులు తుపాకులు పట్టిన దండు కాదు. సభకు వచ్చిన గ్రామీణ జనము. వారి చేతిలోని పతాకమే ఆనాటి అధికారులకు ఆయుధమువలె కనబడినది. వస్తువు స్వభావముకంటె దానిని చూచు అధికారి భయమే చట్టమైనపుడు నిరపరాధికి రక్షణ లేదను సత్యము విదురాశ్వత్థమున నెత్తుటితో వ్రాయబడినది.

1931 కరాచీ కాంగ్రెసు తీర్మానమున, నియమములకు లోబడి ఆయుధములు ధరించు హక్కు మూలహక్కులలో నొకటిగా చేరెను. 1948 డిసెంబరులో రాజ్యాంగసభలో హెచ్. వి. కామత్ దానిని పునరుద్ధరింపగోరగా డాక్టరు అంబేద్కరు అంగీకరింపలేదు. తుదకు రాజ్యాంగములోని 19వ అధికరణము పౌరునకు శాంతియుతముగాను నిరాయుధముగాను సమావేశమగు హక్కు నిచ్చెను. కావున సభకు పోవువాని చేతిలో ఆయుధముండరాదనుట పోలీసుల కోరిక మాత్రమే కాదు. ఆ హక్కునకే అది షరతు.

1959వ సంవత్సరపు చట్టము

స్వతంత్రభారతము 1878 నాటి చట్టమును తొలగించి 1959లో క్రొత్త ఆయుధచట్టమును చేసెను. అది 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. సామాన్యుని కత్తులు, ఈటెలు, విల్లంబులవంటి వానిని పాతచట్టపు బిగింపునుండి తప్పించుట ఆ బిల్లు ఉద్దేశములలో నొకటి. క్రొత్త నిర్వచనము ప్రకారము దాడికొరకో రక్షణకొరకో ఆయుధముగా రూపొందింపబడిన వస్తువే ఆయుధము. పదునైన మారణసాధనములు అందు చేరును. కాని కేవలము గృహకృత్యములకు గాని వ్యవసాయమునకు గాని ఏర్పడిన వస్తువులు చేరవు. లాఠీ, మామూలు చేతికఱ్ఱ ఇందుకు ఉదాహరణములుగా చెప్పబడినవి. బాగేపల్లి రైతు కొడవలికిని, చింతామణి గృహిణి కత్తిపీటకును ఈ వాక్యమే అభయము.

తొమ్మిదంగుళముల మాట 1962 ఆయుధ నియమావళిలోనిది. తుపాకులు కాని ఆయుధముల తరగతిలో ఖడ్గములు, గుప్తీలు, బాకులు, ఈటెలు మొదలగువానితోపాటు, అలుగు తొమ్మిదంగుళములకు మించిన పొడవు గాని రెండంగుళములకు మించిన వెడల్పు గాని గల కత్తులు పేర్కొనబడినవి. ఇల్లు, సేద్యము, శాస్త్రము, పరిశ్రమలకై చేయబడినవి అచ్చటను మినహాయింపు పొందినవి. 2016లో వచ్చిన క్రొత్త నియమావళియు ఈ కొలతలనే నిలిపినది. ఇట్టి ఆయుధములను చేసి అమ్మువాడు లైసెన్సు పొందవలెను. దీనినిబట్టి తేలునదేమనగా, తొమ్మిదంగుళముల కొలత ఆయుధముల తరగతిని నిర్ణయించుటకు ఏర్పడినది. అంతకు తక్కువైన కత్తిని ఎచ్చటనైనను ఎట్లైనను పట్టి తిరుగవచ్చునను హామీ కాదు. అట్లే మల్బరీ కొమ్మలు నరకు మచ్చు అంతకు పొడవైనంత మాత్రమున ఆయుధమును కాదు.

చట్టములోని 4వ విభాగము మరియొక ద్వారమును తెరచి యుంచినది. ఒక ప్రాంతపు పరిస్థితులనుబట్టి అవసరమని తోచినచో, తుపాకులు కాని ఆయుధములకును అచ్చట లైసెన్సు ఉండవలెనని గెజెట్టులో ప్రకటింపవచ్చును. ఢిల్లీలో 1980లో ఇట్టి ప్రకటన వెలువడి, 7.62 సెంటీమీటర్లు, అనగా మూడంగుళములు, అంతకు మించిన అలుగుగల మీటకత్తులను నియంత్రణ క్రిందికి తెచ్చినది. మడతకత్తి యే నేరమను వాడుకకు ఇట్టి ప్రకటనలే కారణము కావచ్చును. ఆ ప్రకటనలోని మాటలనైనను యథేచ్ఛగా సాగదీయరాదని సుప్రీంకోర్టు 2025లో ఒక ఢిల్లీ కేసులో తేల్చిచెప్పినది. తయారీ, విక్రయము, విక్రయార్థము ఉంచుకొనుట మొదలగు ప్రకటిత ప్రయోజనములలో ఏదియు ఆరోపింపక, కేవలము కత్తి దొరికినదని మోపిన కేసును ఆ న్యాయస్థానము కొట్టివేసినది. 4వ విభాగపు ప్రకటన వెలువడిన ప్రాంతమునందే, అందలి మాటలకు లోబడియే, దానికి బలము.

చోటు, సమయము

ఇక స్థానికచట్టమని చెప్పదగినది జిల్లా అధికారుల చేతిలోని నిషేధాధికారము. 1963 నాటి మైసూరు పోలీసు చట్టము నేడు కర్ణాటక పోలీసు చట్టమను పేర అమలులో నున్నది. దాని 35వ విభాగము ప్రకారము శాంతిభద్రతలకై జిల్లా మేజిస్ట్రేటు కొంతకాలము కత్తులు, ఈటెలు, కఱ్ఱలు, లాఠీలు మున్నగువానిని పట్టి తిరుగుటను నిషేధింపవచ్చును. ఇచ్చట అంగుళముల ప్రసక్తి లేదు. చేతికఱ్ఱయే నిషేధములోనికి వచ్చుచుండగా జేబులోని చాకునకు మినహాయింపు ఆశింపరాదు. వెనుకటి 144వ విభాగపు అధికారము 2024 జులై 1వ తేదీనుండి భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ విభాగముగా సాగుచున్నది. మేజిస్ట్రేటు ఇచ్చిన అట్టి ఆజ్ఞ సామాన్యముగా రెండు మాసములకు మించి నిలువదు. పోలింగు దినమున పోలింగు కేంద్రపు చెంతకు ఆయుధముతో పోవుట ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము నేరము. విమానములోనికి చేతిసంచిలో కత్తి తీసికొనిపోరాదు. ఆవతి ప్రభువులు ఆయుధములతో ఏలిన దేవనహళ్లిలోనే నేడు విమానాశ్రయపు తనిఖీలో ప్రయాణికులు చిన్నచాకునుగూడ తీసి ప్రక్కనుంచవలసి యున్నది.

కత్తితో గాయపరచినపుడు అది చిన్నదను వాదము పనికిరాదు. 1860 శిక్షాస్మృతిలోని 324వ విభాగమైనను, దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహిత 118వ విభాగమైనను, పొడుచు సాధనముతోనో కోయు సాధనముతోనో గాయపరచుటను చూచునే గాని సాధనపు నిడివిని కొలువదు.

బాగేపల్లి దాటి కొన్ని మైళ్లు పోయినచో ఆంధ్రప్రదేశము, 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లా వచ్చును. ఆయుధచట్టము గట్టునకు ఇరువైపుల ఒక్కటియే; నిషేధాజ్ఞలు మాత్రము ఏ జిల్లావి ఆ జిల్లావి. ఉదయము తన యూర నిరపాయముగా మచ్చు పట్టినవాడు, మధ్యాహ్నము నిషేధము గల పట్టణమున అదే మచ్చుతో చిక్కులో పడవచ్చును.

నిషేధాజ్ఞను మీరినవానిని శిక్షించు విభాగము పాతస్మృతిలోను క్రొత్తసంహితలోను ఒక మాటను నిలిపి యుంచినది: ఆజ్ఞ వెలువడినదని ఎరిగియుండి మీరినపుడే అది నేరము. కావున ఆజ్ఞను ప్రజలకు ఎరిగించుట అధికారుల విధి. పూర్వము దండోరా ఈ పని చేసెడిది; నేడు కన్నడమున అచ్చయిన ప్రకటన చేయుచున్నది. తెలుగు ఇంటిభాషగా గల ముదుసలి గొఱ్ఱెలకాపరికి, కన్నడము చదువనేరని కూలివానికి, ఆ ప్రకటన అందినదా లేదా అనునది చిన్న ప్రశ్న కాదు. ఒక చీటీని చదివి వినిపించినంతనే తప్పిపోవు కేసు, వినిపింపనిచో వాని నెలకూలిని, గౌరవమును హరింపగలదు. అక్షరము నేర్చినవారు జాతరకు, ఎన్నికకు ముందు గ్రామమున ఇట్టి ఆజ్ఞలను తెలుగున చెప్పుట వ్యయము లేని ఉపకారము.

పాలెగాండ్రనాడు కత్తి బాధ్యత. 1878లో కత్తి అనుమానము. 1959 పిమ్మట పనివాని కత్తి మరల పనిముట్టు. ఈ మూడవ స్థితి సుదీర్ఘకాలమునకు లభించినది. దానిని నిలుపుకొనుట ఇరువురి చేతిలో నున్నది. పనికి పోవునపుడు పనిముట్టును కట్టి తీసికొనిపోయి, సంతకు, సభకు, తిరునాళ్లకు పోవునపుడు దానిని ఇంట దించిపోవుట పౌరుని వంతు. కొలబద్దకు ముందు ఆ మనుష్యుని చేతి కాయలను, వాడు వచ్చిన దారిని, సంచిలోని ఆకును చూచుట అధికారి వంతు. విదురాశ్వత్థపు స్మారకము ముందు నిలిచినవారికి ఈ రెండవదానిని వేరుగా బోధింప నక్కరలేదు.